బధిరులకు కౌన్సెలింగ్: మధ్యలో అమ్మా, దుభాషా?

వినికిడి లేని యువతి సైకాలజిస్టు దగ్గరకు వచ్చినప్పుడు సాధారణంగా తల్లి వెంట ఉంటుంది. కూతురి సైగలు ఆమెకు తెలుసు, పైగా ఖర్చు లేదు. నిద్ర, ఆకలి, వాడుతున్న మందుల వంటి వివరాలకు ఈ పద్ధతి సరిపోతుంది.

చిక్కంతా ఆ తర్వాతే. "చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అన్న ప్రశ్నను ఏ తల్లి ఉన్నదున్నట్టు అడగగలదు? మెత్తగా మార్చి అడుగుతుంది. కూతురు చాలాసేపు చేతులాడించి చెప్పినదాన్ని "ఏమీ లేదంటోంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. అది ప్రేమే, కాదనను. కానీ వేధింపు ఇంట్లోనే ఉంటే ఆ మాట బయటికే రాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గోప్యతను హక్కుగా ఇచ్చింది. అమ్మ ముందు ఆ హక్కు ఎలా నిలుస్తుంది?

భారతీయ సంజ్ఞా భాషలో శిక్షణ పొందిన దుభాషి ఉంటే ప్రశ్న ప్రశ్నగానే చేరుతుంది. దుభాషిని సైకాలజిస్టు పక్కన, కాస్త వెనక్కి కూర్చోబెడితే ఇద్దరూ ఆ అమ్మాయికి ఒకే చూపులో కనిపిస్తారు. సైకాలజిస్టు కిటికీకి వీపు పెట్టకూడదు, ముఖం నీడలో పడిపోతుంది. మాట్లాడవలసింది దుభాషితో కాదు, ఆమెతో.

దుభాషులు కొద్దిమందే. చిన్న ఊళ్లలో వీడియో కాలే దిక్కు. ఇంటి సైగలు తప్ప మరో భాష నేర్చుకునే అవకాశం రానివారికి దుభాషితోపాటు ఇంటివారి సాయమూ కావాలి.

మిగతా అన్ని సందర్భాల్లో నా ఓటు దుభాషికే. ఆ ఖర్చు క్లయింటు మీద వేయకూడదు: సముచిత ఏర్పాట్లు (వికలాంగులు ఇతరులతో సమానంగా సేవ పొందడానికి కావలసిన సౌకర్యాలు) నిరాకరించడాన్ని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వివక్షగానే లెక్కిస్తుంది.