ఈస్టు లేని డిన్నర్ రోల్స్: చాలాకాలం చేసి చూసిన మీదట నా సమీక్ష

ఈస్టు వేయకుండా, పెరుగు, బేకింగ్ పౌడర్, వంటసోడాలతో ముప్పావు గంటలో పూర్తయ్యే డిన్నర్ రోల్స్‌ను ఒడిశాలోని రాయగడలో మా ఇంట్లో కొన్నేళ్లుగా రాత్రి భోజనానికి చేస్తున్నాను. బేకరీ పావ్‌కు బదులుగా వీటిని చేసుకోవాలనుకునేవారికి నిరాశ తప్పదు. అప్పటికప్పుడు చేసి వేడిగా కూరతో తినే వేరొక రొట్టెగా తీసుకుంటే మాత్రం ఇంతకంటే నమ్మకమైన పద్ధతి నాకు దొరకలేదు.

కొండల మధ్యనున్న మా ఊళ్లో ఈ పద్ధతి విలువ బాగా తెలుస్తుంది. చలికాలపు సాయంత్రాల్లో ఈస్టు కలిపిన పిండి ఎంతసేపటికీ పొంగదు, ఎండాకాలంలో కాస్త ఏమరితే అదే పిండి మితిమీరి పులిసిపోతుంది, పైగా ఒకసారి విప్పిన ఈస్టు పొట్లం నెమ్మదిగా బలం కోల్పోతుంది. ఇందులో ఆ ఎదురుచూపే ఉండదు. ఇంటికి చుట్టాలు వచ్చాక పిండి జల్లించడం మొదలుపెట్టినా, వాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కుని కాసేపు కబుర్లు చెప్పుకునేలోగా రోల్స్ సిద్ధమవుతాయి.

నేను స్థిరపరచుకున్న కొలతలు ఇవి. 2 కప్పుల మైదా, అంటే సుమారు 250 గ్రాములు, అందులో రెండున్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూను వంటసోడా, అర టీస్పూను ఉప్పు, 1 టీస్పూను పంచదార కలిపి రెండుసార్లు జల్లించాలి. 3 టేబుల్ స్పూన్ల చల్లని వెన్నను వేళ్లతో పిండిలో నలిపి, ముప్పావు కప్పు చిక్కని పుల్లపెరుగు పోసి, అవసరమైతే కొద్దిగా పాలు చిలకరిస్తూ ముద్దగా దగ్గరకు తీయాలి. ఇక్కడ చపాతీ పిండి అలవాటును పూర్తిగా మరచిపోవాలి: ఎంత పిసికితే మైదాలోని జిగురు అంత గట్టిపడి రోల్ సాగుతుంది కాబట్టి, పొడి పిండి కనిపించకుండా పోయిన క్షణంలోనే చెయ్యి తీసేయాలి. ముద్ద కొంచెం చేతికి అంటుకుంటున్నా భయపడనక్కరలేదు, చేతికి నూనె రాసుకుంటే చాలు. 8 ఉండలుగా చేసి, వెన్న రాసిన 8 అంగుళాల గుండ్రని పళ్లెంలో ఒకదానికొకటి ఆనేలా సర్దితే పక్కలకు పరుచుకోకుండా పైకి లేస్తాయి, అంచులు కూడా మెత్తగా ఉంటాయి. పైన పాలు రాసి, ముందే వేడిచేసిన ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ వద్ద 18 నుంచి 20 నిమిషాలు కాల్చి, బయటికి తీయగానే నెయ్యి పూసి శుభ్రమైన గుడ్డ కప్పాలి.

సోడా, పెరుగు కలిసిన వెంటనే పెరుగులోని లాక్టిక్ ఆమ్లంతో చర్య మొదలై కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, కాబట్టి కలిపిన పిండిని పక్కన పెట్టి వేరే పనికి వెళ్లకూడదు. ఇప్పుడు దొరికే బేకింగ్ పౌడర్లలో చాలావరకు కొంత వాయువును తడి తగలగానే, మిగిలినది వేడికి విడుదల చేస్తాయి. అందుకే రెండూ వేస్తాను: సోడా పెరుగు పులుపును తగ్గిస్తుంది, పౌడర్ ఓవెన్‌లో రోల్‌ను నిలబెడుతుంది. సోడాను పావు టీస్పూను మించనిస్తే సబ్బు రుచి వచ్చి, లోపల పసుపుపచ్చగా మారుతుంది. అసలు బేకింగ్ పౌడర్ పుట్టుకకే ఈస్టుతో సంబంధం ఉంది. ఈస్టు పడని తన భార్య కోసం బర్మింగ్‌హామ్‌కు చెందిన రసాయనజ్ఞుడు ఆల్ఫ్రెడ్ బర్డ్ 1843లో దీన్ని తయారుచేశాడు. ఆ ప్రేమ నాకెంతో గొప్పగా తోస్తుంది.

మా వైపు వానాకాలం తేమకు బేకింగ్ పౌడర్ త్వరగా చచ్చిపోతుంది. తడి చెంచా పెట్టకుండా బిగుతైన సీసాలో దాచి, వాడబోయే ముందు అర టీస్పూను వేడినీళ్లలో వేసి చూడాలి. జోరుగా నురగ రాకపోతే కొత్త డబ్బా తెచ్చుకోవాలి.

ఓవెన్ లేనివారు, కరెంటు పోయినవారు మందపాటి మూకుడులో రాళ్ల ఉప్పు పరచి, స్టాండు పెట్టి, మూతతో 10 నిమిషాలు వేడిచేసి, పళ్లెం అందులో ఉంచి, మధ్యస్థపు మంటమీద సుమారు అరగంట కాల్చవచ్చు. పైభాగం తెల్లగానే మిగులుతుంది, దాన్ని నెయ్యి వేసిన పెనంమీద బోర్లించి ఒక నిమిషం ఎర్రగా కాల్చుకోవాలి. మెత్తదనంలో పెద్ద తేడా నాకు కనిపించలేదు.

లోపాలూ ఉన్నాయి. ఈస్టు పులియబెట్టడంతో వచ్చే వాసన దీనికి రాదు, పొరలుగా చీలదు, విరిస్తే పొడిపొడిగా తునుగుతుంది. పావ్‌భాజీకి, వడాపావ్‌కు ఇవి పనికిరావు. దాల్మా (కూరగాయలు వేసి వండే పప్పు), గుగ్ని (ఎండు బఠాణీల కూర), కోడికూర వంటి చిక్కని పులుసున్నవాటికి మాత్రం ఈ పొడితనమే మేలు చేస్తుంది, రసాన్ని పూర్తిగా పీల్చుకుంటుంది. మా అత్తగారు బెల్లం పాకంతో, పిల్లలు వెన్నతో తింటారు.

ఈమధ్య మైదాలో పావువంతు తీసేసి చోడిపిండి, అంటే రాగిపిండి, వేస్తున్నాను. కోరాపుట్, రాయగడ కొండల్లో చోళ్లు బాగా పండుతాయి, సంతలో మంచివి దొరుకుతాయి. చోడిపిండికి జిగురు లేదు కాబట్టి పావువంతు దాటితే రోల్ కూలిపోతుంది, పెరుగు కూడా ఒకటి రెండు చెంచాలు ఎక్కువ పడుతుంది. రంగు ముదురుగా, రుచి కమ్మగా ఉంటుంది. మిగిలిన రోల్స్ మర్నాటికి గట్టిపడతాయి. వాటిపై నీళ్లు చిలకరించి, మూతపెట్టిన పెనంమీద సన్నని సెగకు రెండు మూడు నిమిషాలు ఉంచితే ఉదయం టీతో తినేంత మెత్తబడతాయి, ఆ తరువాతి రోజుకు మాత్రం ఉంచవద్దు.