కౌలాలంపూర్ క్రూయిజ్ అంటున్నారా? డబ్బు కట్టే ముందు ఓడ ఎక్కడ ఆగుతుందో అడగండి

మన విజయనగరంలో ఈమధ్య పొద్దున్నే పేపరు విప్పితే క్రూయిజ్ ప్యాకేజీల పాంప్లెట్ ఒకటి జారి పడుతోంది. మేము ఆ పాంప్లెట్ చూసే వెళ్లాం. వేసవి సెలవులకి అడ్వాన్సు కట్టబోయేవాళ్లు ఒకసారి ఇది చదవండి.

మేము ఆరుగురం: నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తగారు, మావయ్యగారు. విశాఖ నుంచి సింగపూర్‌కి ఫ్లైట్. అక్కడ ఓడెక్కి నాలుగు రాత్రులు, మధ్యలో కౌలాలంపూర్, ఫుకెట్, మళ్లీ సింగపూర్. ఏజెంటు మన ఊరతనే. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయను. ఓడ మీద నాకు ఫిర్యాదు లేదు. గది శుభ్రంగా ఉంది, వెజ్ భోజనం దొరికింది, అత్తగారికి రోజూ పెరుగన్నం కూడా కుదిరింది. మేము మోసపోయింది ఏజెంటు చెప్పిన మాటల్లో.

పాంప్లెట్ మీద పెద్దగా కౌలాలంపూర్ పెట్రోనాస్ జంట టవర్ల బొమ్మ. ఓడ దిగితే ఎదురుగా అవే కనిపిస్తాయన్నంత ధీమాగా చెప్పాడు. తీరా చూస్తే కౌలాలంపూర్‌కి సముద్రమే లేదు, మన విజయనగరానికి లేనట్టే! ఓడ ఆగేది పోర్ట్ క్లాంగ్‌లో. అక్కడ కూడా క్రూయిజ్ టెర్మినల్ ఉన్నది పులావ్ ఇందా అనే దీవి మీద, ఊరికి దూరంగా. అక్కడి నుంచి కౌలాలంపూర్ నడిబొడ్డుకి ఇంచుమించు మనకీ విశాఖకీ ఉన్నంత దూరం. రోడ్డు ఖాళీగా ఉంటే గంట. టెర్మినల్ బయటికి వచ్చి నడిచి చూద్దామన్నా చూడ్డానికేమీ లేదు.

మనిషికి 6,500 చొప్పున ఆరుగురికీ 39,000 ముందే కట్టించుకున్నాడు, సిటీ టూర్ అని. ఓడవాళ్లు అమ్మే టూరు అంతకన్నా ఖరీదు. "అది దండగ మేడంగారూ, మనవాళ్లే అక్కడ వ్యాను పెడతారు" అన్నాడు. సాయంత్రం 5 గంటలకల్లా అందరూ ఓడలో ఉండాలి. మేము 9:30కి దిగి నిలబడితే వ్యాను 11 దాటాక వచ్చింది. డ్రైవర్‌ని అడిగితే, తనకి చెప్పిందే 11 గంటలని తన ఫోన్‌లో మెసేజ్ చూపించాడు. పాపం అతన్ని ఏమంటాం.

బటు కేవ్స్‌కి వెళ్లేసరికి పన్నెండున్నర. 272 మెట్లు. మావయ్యగారికి మోకాళ్లు సహకరించవు, కింద మురుగన్ విగ్రహం దగ్గరే కూర్చున్నారు. 140 అడుగుల విగ్రహం, అదొక్కటీ మాత్రం కళ్లనిండా చూశామని ఇప్పటికీ అంటారు. అక్కడి నుంచి టవర్లకి తీసుకెళ్లమంటే, మేము వద్దన్నా వినకుండా ఒక చాక్లెట్ షాపు ముందు ఆపాడు. నలభై నిమిషాలు. షాపులో ఎంత కొంటే అంత కమిషన్ అని మాకు తర్వాత అర్థమైంది. టవర్లని వ్యాను కిటికీలోంచే చూశాం. ఎత్తు 452 మీటర్లట, మా అబ్బాయి తీసిన ఫోటోలో సగమే పడ్డాయి. భోజనం లేదు. బ్యాగులో ఉన్న జంతికలే దిక్కయ్యాయి.

తిరిగి బయల్దేరేసరికి 3:20. హైవే మీద లారీలు, కంటైనర్లు, అడుగు తీసి అడుగు వెయ్యదు. అత్తగారు కళ్లు మూసుకుని పైడితల్లి అమ్మవారికి మొక్కేసుకుంటున్నారు. పిల్లలు "ఓడ వెళ్లిపోతుందా అమ్మా" అని ఒకటే ప్రశ్న. ఆ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు. 4:48కి గేటు దగ్గర పడ్డాం.

ఇక్కడ అసలు తెలుసుకోవాల్సింది ఇది. ఓడవాళ్ల దగ్గరే కొన్న టూరు బస్సు ఆలస్యమైతే సాధారణంగా వాళ్ల కోసం ఓడ ఆగుతుంది, లేదా వాళ్లని తర్వాతి పోర్టుకి చేర్చే బాధ్యత ఓడవాళ్లు తీసుకుంటారు. బయట కొనుక్కున్న టూరైతే ఓడ మన కోసం ఆగదు. వెళ్లిపోతే మన ఖర్చుతో, మన తిప్పలతో తర్వాతి పోర్టుకి వెళ్లాలి. చాలా ఓడల్లో పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే పెట్టుకుంటారు, అప్పుడు ఇంకో తలనొప్పి. రోజూ గదికి వచ్చే కార్యక్రమాల కాగితం మీద ఆ పోర్టులోని షిప్పింగ్ ఏజెంటు (అక్కడ ఓడవాళ్ల తరఫు మనిషి) ఫోన్ నంబరు ఉంటుంది. దిగే ముందు దాన్ని ఫోటో తీసుకోండి. నాకు ఈ సంగతి నాలుగో రోజున పక్క టేబుల్ మీద భోంచేస్తున్న చెన్నై ఆవిడ చెప్పారు.

ఇది కౌలాలంపూర్ ఒక్కదాని సంగతి కాదు. రోమ్ అని రాస్తే ఓడ ఆగేది చివితావెక్కియాలో, బ్యాంకాక్ అంటే ఎక్కువగా లేమ్ చబాంగ్‌లో. రెండూ ఆ ఊళ్లకి చాలా దూరం. పెనాంగ్ అలా కాదు, ఓడ జార్జ్‌టౌన్‌లోనే ఆగుతుంది, పెద్దవాళ్లు కూడా నడిచి చూడొచ్చు. అందుకే ఊరి పేరు కాదు, టెర్మినల్ పేరు వోచర్ మీద రాయించుకోండి.

అలా రాయించినా ఒకసారి మీరే సరిచూసుకోండి. సింగపూర్‌లో రెండు క్రూయిజ్ టెర్మినళ్లున్నాయి, హార్బర్‌ఫ్రంట్ దగ్గర ఒకటి, మెరీనా సౌత్‌లో ఒకటి (దాని పేరే మెరీనా బే క్రూయిజ్ సెంటర్). మా వోచర్ మీద మొదటిది ఉంది, ఓడ రెండోదాని దగ్గర ఉంది. ఆరుగురం, పెట్టెలు, రెండు టాక్సీలు, మళ్లీ అదే తంతు. మెరీనా బే క్రూయిజ్ సెంటర్‌కి మెట్రోలో వెళ్లేవాళ్లు మెరీనా సౌత్ పియర్ స్టేషన్‌లో దిగాలి, మెరీనా బేలో కాదు. రెండూ పక్కపక్క స్టేషన్లే.

ఫుకెట్‌లో టైముతో జాగ్రత్త. థాయ్‌లాండ్ సింగపూర్ కంటే గంట వెనక. దిగగానే ఫోన్ తనంతట తనే అక్కడి టైముకి మారిపోతుంది, ఓడ మాత్రం తన టైములోనే ఉండొచ్చు. మా ఆయన ఫోన్‌లో 3 అయితే ఓడలో 4. ముల్లు గడియారం ఒకటి చేతికి పెట్టుకోండి, మావయ్యగారి హెచ్‌ఎంటీయే మమ్మల్ని కాపాడింది. పైగా పటాంగ్ దగ్గర మా ఓడ ఒడ్డుకి రాలేదు, చిన్న పడవల్లో దింపారు. తిరిగి ఎక్కేటప్పుడు ఆ పడవలకి పెద్ద క్యూ.

ఇంకో దోపిడీ. సింగపూర్ అరైవల్ కార్డు అని మనిషికి 1,500 తీసుకున్నాడు మా ఏజెంటు. అది పూర్తిగా ఉచితం. చేరే ముందు మూడు రోజుల లోపల, అక్కడి ఇమిగ్రేషన్ శాఖ సైట్లో మనమే నింపుకోవచ్చు. డబ్బు అడిగిందంటే అది అసలు సైటు కాదు. వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా అని కూడా చూసుకోండి, ఓడలో బయటికి వెళ్లి మళ్లీ సింగపూర్‌లోకే వస్తాం కదా. ఇంట్లో ఎవరికైనా ఖైనీ, గుట్కా అలవాటుంటే పెట్టెలు ఇంటి దగ్గరే తనిఖీ చెయ్యండి. సింగపూర్‌లో అవి నిషేధం. సిగరెట్లకి మొదటిదాని నుంచే డ్యూటీ కట్టాలి.

ఓడ కదిలాక ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటే మామూలు రోమింగ్ ప్యాక్ దానికి వర్తించకపోవచ్చు, బిల్లు గుండె ఆపుతుంది.

తిరిగొచ్చాక ఏజెంటుని నిలదీస్తే, "పోర్ట్ క్లాంగ్ అన్నా కౌలాలంపూర్ అన్నా ఒకటే మేడంగారూ" అన్నాడు. "అయితే విశాఖ టికెట్ కొన్నవాళ్లని విజయనగరంలో దింపేస్తావా బాబూ" అన్నాను. సమాధానం లేదు. అప్పుడే మా ఆయనకి అనుమానం వచ్చి, టీసీఎస్ (ప్యాకేజీ అమ్మేవాళ్లు మన దగ్గర ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను) పేరుతో మా దగ్గర వసూలు చేసింది ఇన్‌కంటాక్స్ పోర్టల్‌లో తన పాన్ కింద పడిందా అని చూశారు. పడలేదు. విదేశీ ప్యాకేజీకి కట్టే టీసీఎస్ రిటర్న్ వేసేటప్పుడు మన పన్నులో సర్దుబాటు అవుతుంది. ఏజెంటు జమ చెయ్యకపోతే మనకి రాదు. మీరు ఇదివరకే ఇలా వెళ్లొచ్చి ఉంటే మీది కూడా చూసుకోండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. మూడో రోజున అరైవల్ కార్డుల 9,000 ఫోన్‌పేలో వచ్చాయి, ఒక్క ముక్క సంజాయిషీ లేకుండా. టూరు డబ్బు, టీసీఎస్ ఇంకా రాలేదు. నెలాఖరు దాకా చూసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాం. 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, ఘటన జరిగిన రెండేళ్ల లోపల వెయ్యాలి. పాంప్లెట్, వోచర్, వాట్సాప్ మాటలు, డ్రైవర్ ఫోన్‌లోని ఆ 11 గంటల మెసేజ్ ఫోటో, అన్నీ ఒక కవర్లో పెట్టాం. టూరు డబ్బు నగదుగా ఇవ్వడమే మేము చేసిన తప్పు, దానికి రసీదు లేదు. మీరు మాత్రం ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారానే కట్టండి.