ఫోనో ఆంప్లిఫయరులో ఆర్‌ఐఏఏ సవరణ: ఫీడ్‌బ్యాక్‌లో మేలా, దశల మధ్య మేలా?

ఎల్పీ రికార్డును చెక్కేటప్పుడు మంద్రస్వరాలను తగ్గించి తారస్వరాలను పెంచుతారు కనుక, వినేటప్పుడు ఫోనో ఆంప్లిఫయరు (సూది నుంచి వచ్చే చిన్న సంకేతాన్ని పెంచే వలయం) ఆ హెచ్చుతగ్గులను మళ్లీ సరిచేయాలి. 1954 నాటి ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు పరిశ్రమ సంఘం) ప్రమాణం ఇందుకు 3180, 318, 75 మైక్రోసెకన్ల కాలస్థిరాంకాలను, అంటే వడపోత ఏ పౌనఃపున్యాల దగ్గర మలుపు తిరగాలో చెప్పే విలువలను, నిర్ణయించింది. 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 డెసిబెళ్ల పెంపు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెళ్ల తగ్గింపు అవసరం. ఈ పనిని ఆప్‌యాంప్ (సంకేతాన్ని పెంచే ఐసీ) ఫీడ్‌బ్యాక్‌లోనే, అంటే అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి ఇన్‌పుట్‌కు పంపే దారిలోనే, చేయవచ్చు, లేదా సంకేతాన్ని పెంచే రెండు దశల మధ్య రెసిస్టర్లు, కెపాసిటర్లు మాత్రమే ఉన్న పాసివ్ వలయంతో చేయవచ్చు.

పాసివ్ పద్ధతిని మెచ్చుకునేవారు చెప్పే మాటలో నిజముంది: వడపోతకూ ఆప్‌యాంప్‌కూ సంబంధం ఉండదు కనుక లెక్క తేటగా ఉంటుంది. అయితే అసలు చిక్కు మొదటి దశలో ఉంది. ఆ వలయం 1 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెళ్లు మింగేస్తుంది కాబట్టి, మొత్తం 40 డెసిబెళ్ల గెయిన్ (పెంపు) కావాలంటే ఒక్కో దశ 30 డెసిబెళ్లు, అంటే దాదాపు 32 రెట్లు, పెంచాలి. ప్లస్ మైనస్ 15 వోల్టుల సరఫరాపై అవుట్‌పుట్ శిఖరం 13 వోల్టులనుకుంటే, మొదటి దశకు వచ్చే సంకేతం ఏ పౌనఃపున్యంలోనైనా 400 మిల్లీవోల్టులు దాటితే దాని అవుట్‌పుట్ తరంగపు కొసలు తెగిపోతాయి (క్లిప్పింగ్). ఫీడ్‌బ్యాక్ పద్ధతిలో 20 కిలోహెర్ట్జ్ దగ్గర గెయిన్ పది రెట్లకు పడిపోతుంది కనుక అక్కడ వోల్టుకు పైగా తట్టుకుంటుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం రెండూ 130 మిల్లీవోల్టుల దగ్గరే ఆగుతాయి.

మద్రాసులో పాత తెలుగు పాటల రికార్డులు కొనేవారికి ఈ తేడా చిన్నది కాదు. గీతల వల్ల వచ్చే టక్కుమనే చప్పుడు ఎక్కువగా పై పౌనఃపున్యాల శక్తే; దానితో మొదటి దశలో తరంగం తెగితే, చిన్న చప్పుడు పెద్దదై పాట మీద పడుతుంది. రొద విషయంలోనూ పాసివ్ వెనుకే ఉంటుంది, ఎందుకంటే వలయం సంకేతాన్ని తగ్గించాక రెండో దశ తన రొదను కలుపుతుంది.

నా ఎంపిక ఫీడ్‌బ్యాకే. ఎన్‌ఈ 5532 ఆప్‌యాంప్‌తో నాన్‌ఇన్వర్టింగ్ (సంకేతాన్ని తలకిందులు చేయని) వలయం కట్టి, ఫీడ్‌బ్యాక్‌లో 88.2 కిలోఓమ్ (82, 6.2 వరుసగా) పక్కన (సమాంతరంగా) 36 నానోఫారడ్, దానికి వరుసగా 7.5 కిలోఓమ్ పక్కన 10 నానోఫారడ్ వేసి, నేలకు 100 ఓమ్, దానితో వరుసగా 220 మైక్రోఫారడ్ పెడితే, 1 కిలోహెర్ట్జ్ దగ్గర గెయిన్ వంద రెట్లకు కాస్త తక్కువగా వస్తుంది. నాన్‌ఇన్వర్టింగ్ వలయంలో గెయిన్ ఒకటి కంటే దిగదనే లోపం నిజమే, కానీ ఈ గెయిన్ వద్ద అలా ఒకటి దగ్గర ఆగే మలుపు 200 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది; 20 కిలోహెర్ట్జ్ వద్ద దాని ప్రభావం 0.1 డెసిబెల్ కూడా ఉండదు.

సవరణను సగం ఫీడ్‌బ్యాక్‌లో, సగం దశల మధ్యలో చేసే మిశ్రమ పద్ధతీ మంచిదే, కానీ గెయిన్ తక్కువ పెట్టినప్పుడే దాని విలువ తెలుస్తుంది. మద్రాసు ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌లో కొనేటప్పుడు పాలీప్రొపిలీన్ కెపాసిటర్లే అడగండి. ఎక్స్7ఆర్ సిరామిక్ వద్దు. వోల్టేజీతోనూ వేడితోనూ దాని విలువ మారుతుంది. ఐదు శాతం తేడా ఉన్నవి కొన్నా, మీటరుతో కొలిచి రెండు ఛానళ్లకూ జతకూడేవి ఏరుకోండి.