రెజ్యూమెకి మార్కులు వేసే యాప్: చందా కట్టాలా, వద్దా?

మా చెల్లెలి కూతురు ఈ ఏడాది స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ పూర్తి చేసింది. నేను చాలా ఏళ్లు కంపెనీల తరఫున రెజ్యూమెలు వడపోసే పని చేశాను కాబట్టి ఇంట్లో ఉద్యోగాల మాట వస్తే అందరూ నా వైపే చూస్తారు. ఆ పిల్ల మాత్రం నన్ను అడగకుండా ఒక యాప్‌కి చందా కట్టేసి, ఆ తర్వాత ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నా రెజ్యూమెకి వందకి నలభై ఒకటే వచ్చింది. కాలేజీలో కూడా నాకు ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదు" అంది, గొంతులో ఏడుపు ఆపుకుంటూ.

యాప్ పేరు రాయడం లేదు. ఇలాంటివి ఇప్పుడు చాలా ఉన్నాయి, లోపల సరుకు దాదాపు ఒకటే. రెజ్యూమెకి మార్కులు, దాన్ని తిరగరాసే ఏఐ, మన తరఫున అదే అప్లై చేసే ఆటో అప్లై, కెమెరా ముందు మాక్ ఇంటర్వ్యూ. చందా గడువు ముగిసేదాకా ఇద్దరం కలిసి అన్నీ వాడి చూశాం. నేను ఇచ్చే రేటింగ్ 5కి 2.5. ఆ రెండున్నరలో రెండు ఇంటర్వ్యూ భాగానివే.

మార్కుల సంగతి ముందు. యాప్ తెరవగానే పెద్ద అక్షరాలతో ఒక హెచ్చరిక కనిపిస్తుంది: వందలో 75 రెజ్యూమెలు మనిషి చూడకముందే సాఫ్ట్‌వేర్ చేతిలో తిరస్కరణకు గురవుతాయట. ఈ అంకె ఇంటర్నెట్‌లో ఏళ్ల తరబడి తిరుగుతోంది. దీని వెనక సరైన అధ్యయనం ఏదీ లేదు. ఇలాంటి సేవలే అమ్ముకుని, ఎప్పుడో మూతపడిన ఒక కంపెనీ ప్రచారం నుంచి వచ్చిందని ఆరా తీసినవాళ్లు తేల్చారు. కంపెనీలు వాడే ఏటీఎస్ (దరఖాస్తులు దాచి, వెతికి పెట్టే సాఫ్ట్‌వేర్) అనేది ప్రధానంగా ఒక పెద్ద బీరువా. వచ్చిన దరఖాస్తులన్నీ అందులో పడతాయి, మేం వెతుక్కుంటాం. అది తనంతట తాను 'వద్దు' అనేది ఎక్కువగా మనం టిక్ పెట్టే ప్రశ్నల దగ్గరే: పని చేయడానికి అనుమతి ఉందా, ఫలానా లైసెన్స్ ఉందా, అలాంటివి. ఈమధ్య కొన్నిటిలో ఏఐతో దరఖాస్తులకి వరుసక్రమం ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది కానీ, నేను పనిచేసిన చోట్ల ఫ్రెషర్ల దరఖాస్తులు చదవకుండా మిగిలిపోవడానికి కారణం అది కాదు. వచ్చిన వరుసలో చూసుకుంటూ పోయి, పిలవాల్సినంత మంది దొరకగానే ఆపేసేవాళ్లం. ఆలస్యంగా వచ్చిన మంచి రెజ్యూమె కంటే మొదటి రోజు వచ్చిన మామూలు రెజ్యూమెకే అవకాశం ఎక్కువ. ఈ ముక్క యాప్ ఎక్కడా చెప్పదు.

ఇక ఒక్కో రెజ్యూమె మీద పెట్టే సమయం. ల్యాడర్స్ అనే ఉద్యోగాల సైట్ రిక్రూటర్ల కంటి కదలికలు కొలిస్తే 2012లో 6 సెకన్లు, 2018లో 7.4 సెకన్లు వచ్చింది. నా పాత టేబుల్ గుర్తు తెచ్చుకుంటే అది నిజమే అనిపిస్తుంది. అంత తక్కువ సేపు చూసే కంటికి చదువు, చేసిన పని, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నవి వెతక్కుండా దొరకాలి. 41 మార్కులను 88 చేసే కీవర్డ్‌ల కోసం, అంటే ప్రకటనలోంచి తెచ్చి చేర్చే పదాల కోసం, ఆ కన్ను ఆగదు.

ఆ మార్కులు దేన్ని కొలుస్తున్నాయో చూద్దామని ఒక పని చేశాను. ఉద్యోగ ప్రకటననే పీడీఎఫ్ చేసి, పైన ఒక పేరు పెట్టి, రెజ్యూమెగా ఎక్కించాను. 96 వచ్చింది! "అద్భుతం, మీరు ఈ ఉద్యోగానికి సరిగ్గా సరిపోతారు" అని పచ్చటి పెట్టె కూడా వచ్చింది. మా పిల్ల చాలా సేపు నవ్వింది. ఆ తర్వాత నలభై ఒకటి గురించి మళ్లీ మాట్లాడలేదు.

ఒక్క మేలు మాత్రం ఒప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్ మన ఫైలును ఎలా చదువుతుందో చూపించే ఒక బటన్ ఉంది. తను రెండు నిలువు వరుసల అందమైన డిజైన్ వాడింది. అది నొక్కి చూస్తే ఫోన్ నంబర్ పోయి నైపుణ్యాల మధ్యలో ఇరుక్కుంది, డిగ్రీ సంవత్సరం హాబీల పక్కన తేలింది. ఒకే వరుసలోకి మార్చేశాం, అన్నీ సర్దుకున్నాయి. చందా కట్టకముందు ఉచితంగా ఇచ్చేది కూడా ఈ బటనే, విచిత్రం.

తిరగరాసే ఏఐ దగ్గర నాకు కోపం వచ్చింది. తను చేసిన ప్రాజెక్టు చిన్నదే అయినా ముచ్చటైనది. కాలేజీ లైబ్రరీలో ఏ పుస్తకాలు గడువు దాటి తిరిగొస్తాయో పాత రికార్డుల నుంచి అంచనా వేయడం. "మూడేళ్ల రికార్డుల్లో తప్పులు సరిచేసి, ఆలస్యాలు అంచనా వేసే మోడల్ కట్టాను" అని తను మామూలుగా రాసుకుంది. యాప్ దాన్ని "లైబ్రరీ కార్యకలాపాల డిజిటల్ పరివర్తనకు నాయకత్వం వహించి, సామర్థ్యాన్ని 40 శాతం పెంచాను" అని మార్చింది. ఆ నలభై ఎక్కడిది? ఎక్కడిదీ కాదు, యాప్ పుట్టించింది. మర్నాడు అదే యాప్ మాక్ ఇంటర్వ్యూలో "ఆ 40 శాతం ఎలా కొలిచారు?" అని అడిగింది. మా పిల్ల కెమెరా వైపు చూసి "అది నువ్వే రాశావుగా" అంది. నిజం ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వస్తే అలా అనడం కుదరదు. చందా కట్టినా సరే, ఈ భాగం ముట్టుకోకండి.

ఆటో అప్లై గురించి ఎక్కువ రాయను. సీనియర్ మేనేజర్ పోస్టుకి కూడా మా పిల్ల పేరుతో దరఖాస్తు పంపింది, కవర్ లెటర్‌తో సహా. అందరూ ఇలాంటివే వాడితే ఏమవుతుందో అంకెలు చెబుతున్నాయి: 2025లో ఉద్యోగాలు, వృత్తి పరిచయాల సైట్ లింక్డిన్‌లో నిమిషానికి సగటున 11,000 దరఖాస్తులు వస్తున్నాయని, ఏడాదిలో 45 శాతానికి పైగా పెరిగాయని వార్తలొచ్చాయి. అటువైపు కూర్చున్నవాళ్లలోనూ కొందరు ఇన్ని చదవలేక, ఏఐతోనే వడపోయిస్తున్నారు. చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, అది మాత్రం ఈ యాప్‌కి రాదు. 2021లో లింక్డిన్ తన ప్రకటనలనే పరిశీలిస్తే, ఎంట్రీ లెవెల్ అని రాసినవాటిలో 35 శాతం మూడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ అనుభవం అడుగుతున్నాయని తేలింది. అలాంటివి పక్కన పెట్టే ఫిల్టర్ ఒక్కటి ఇస్తే ఫ్రెషర్లకి ఎంత సమయం మిగులుతుందో. దాని బదులు నైపుణ్యం ఉందని చూపించే ఆన్‌లైన్ బ్యాడ్జీలు అమ్ముతున్నారు, "డిగ్రీ కాదు, నైపుణ్యమే ముఖ్యం" అనే నినాదంతో. డిగ్రీ నిబంధన ఎత్తేశామని కంపెనీలు చెప్పుకున్నాక నిజంగా మారిందెంత అని హార్వర్డ్, బర్నింగ్ గ్లాస్ అనే సంస్థ పరిశోధకులు 2024లో లెక్క తీస్తే, ఆ మార్పు వల్ల డిగ్రీ లేనివాళ్లకి దక్కింది 700 నియామకాల్లో ఒకటి కూడా లేదు. బ్యాడ్జీ కొనలేదు.

ఏఐ వల్ల కొత్తవాళ్లకి ఉద్యోగాలే ఉండవనే టెన్షన్ తనకి బాగా ఉంది. ఊరికే భయపడకని నేను అనలేను. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో అమెరికా జీతాల రికార్డులు చూసి, ఏఐ ప్రభావం ఎక్కువగా ఉన్న పనుల్లో 22 నుంచి 25 ఏళ్ల వాళ్ల ఉద్యోగాలు మిగతావాటితో పోలిస్తే 13 శాతం తగ్గాయన్నారు. అవే పనుల్లో అనుభవం ఉన్నవాళ్లకి అంత దెబ్బ తగల్లేదు. అందులోనే ఇంకో సంగతి కూడా ఉంది. పనిని ఏఐ పూర్తిగా తీసేసుకునే చోటే ఈ తగ్గుదల, మనిషికి సాయంగా ఉన్న చోట కాదు. ఉద్యోగాల జాబితాలో ఈ తేడా చూపిస్తే ఎంత పనికొచ్చేదో. ఈ యాప్ మాత్రం రోజూ పొద్దున్నే "ధైర్యంగా ఉండండి" అని నోటిఫికేషన్ పంపుతుంది. అదొక్కటీ ఆపేయమన్నాను.

ఇప్పుడు ఇంటర్వ్యూ భాగం. ఇది బాగుంది, మొహమాటం లేకుండా చెబుతున్నా. మనం ఎంచుకున్న ఉద్యోగానికి తగ్గట్టు ప్రశ్నలు ఒక వరుసలో వస్తాయి, జవాబుకి టైమర్ ఉంటుంది, చివర్లో మనం మాట్లాడిందంతా అక్షరాల్లో కనిపిస్తుంది. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే పెట్టుకున్న కొలతలతో మార్కులు వేసే ఇంటర్వ్యూలే పనితనాన్ని అన్నిటికంటే బాగా అంచనా వేస్తాయని 2022లో పాత అధ్యయనాలను తిరిగి లెక్కగట్టిన పరిశోధకులు చెప్పారు. పెద్ద కంపెనీల్లో ఈ పద్ధతి పాటించేవి ఉన్నాయి. కాబట్టి ఈ సాధన వృథా పోదు. మొదట్లో తను ప్రతి జవాబునీ "మేము" అని మొదలుపెట్టేది. టీమ్ ఏం చేసిందో చెప్పేది, తనేం చేసిందో చెప్పేది కాదు. తన మాటలు తానే చదువుకున్నాక అది తగ్గింది. నేను వందసార్లు చెప్పినా తగ్గేది కాదనుకోండి.

కాకపోతే కెమెరా ఆపేసి వాడండి. ముఖం చూసి ఆత్మవిశ్వాసానికి, చిరునవ్వుకి కూడా మార్కులు వేస్తోంది. వీడియో ఇంటర్వ్యూల్లో పేరున్న హైర్‌వ్యూ కంపెనీయే ముఖ కవళికల విశ్లేషణ వదిలేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. వీళ్లింకా పట్టుకు వేలాడుతున్నారు.

అన్నిటికంటే పెద్ద లోటు 'పరిచయాలు' అనే ట్యాబ్. నొక్కితే పేరు, ఈమెయిల్ రాసుకునే ఖాళీ ఫారం తప్ప ఇంకేం లేదు. లింక్డిన్‌లో 2 కోట్ల మందికి పైగా వాడుకరుల మీద ఐదేళ్లు సాగిన ప్రయోగం 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. బాగా దగ్గరివాళ్ల కంటే ఓ మోస్తరు పరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఉద్యోగ మార్పులు ఎక్కువ జరిగాయి. మా పిల్ల రెండో రౌండ్ దాకా వెళ్లిన ఏకైక చోటు కూడా అలా దొరికిందే. లైబ్రరీ ప్రాజెక్టప్పుడు మా పిల్ల ఒక సీనియర్‌ని ఏదో సందేహం అడిగింది, ఆ సీనియరే తన టీమ్‌లో ఖాళీ ఉందని చెప్పింది. ఫలితం ఇంకా రాలేదు.

చందా తీసుకునేవాళ్లు ఒక్క నెలకే తీసుకోండి, అదీ ఇంటర్వ్యూ పిలుపు వచ్చాకే. ఆటో రెన్యువల్ ముందే ఆన్ చేసి ఉంటుంది. రద్దు చేసే బటన్ సెట్టింగ్స్‌లో కాదు, బిల్లింగ్‌లో పాత రసీదుల కింద ఉంది. రద్దు చేసినా రెజ్యూమె, ఇంటర్వ్యూ వీడియోలు వాళ్ల దగ్గరే ఉంటాయి. వాటిని తీసేయాలంటే సపోర్ట్‌కి విడిగా మెయిల్ పెట్టాలి. మేం పెడితే మూడో మెయిల్‌కి జవాబు వచ్చింది.