చిబీ స్కీమ్ రివ్యూ: హ్యాండ్లర్ లోపల హ్యాండ్లర్ పెట్టి చూస్తే

జావా నుంచి స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాషకు వచ్చేవాళ్లను నేను ముందుగా ఇన్‌స్టాల్ చేసుకోమనేది చిబీనే. అలెక్స్ షిన్ రాసిన చిన్న ఇంటర్‌ప్రెటర్ ఇది. స్కీమ్ భాష ఎలా ఉండాలో చెప్పే 2013 నాటి ఆర్7ఆర్ఎస్ ప్రమాణానికి ఆయన కూడా ఒక సంపాదకుడు. ఎక్సెప్షన్ల (ప్రోగ్రాం నడుస్తుండగా ఎదురయ్యే తేడా పరిస్థితుల) విషయంలో ఆ పత్రం ఏం చెప్పిందో చిబీ అదే చేస్తుంది. నేర్చుకునేవాళ్లకు కావలసింది సరిగ్గా అదే.

ఒక చిన్న ప్రోగ్రాం రాసి చూడండి. బయట ఒక విత్-ఎక్సెప్షన్-హ్యాండ్లర్ (ఎక్సెప్షన్ లేస్తే నడవాల్సిన ఫంక్షన్‌ను, అంటే హ్యాండ్లర్‌ను, అమర్చేది), దాని లోపల ఇంకొకటి. బయటిది ఏం వచ్చినా 10 ఇస్తుంది. లోపలిది తనకు అందినదాన్నే మళ్లీ రైజ్-కంటిన్యుయబుల్ చేసి (హ్యాండ్లర్ జవాబు ఇస్తే అక్కడి నుంచే సాగేలా ఎక్సెప్షన్ లేపి), వచ్చిన జవాబుకు 1 కలుపుతుంది. అన్నిటికన్నా లోపల, రైజ్-కంటిన్యుయబుల్ ఇచ్చినదాన్ని 2తో గుణించే లైన్. జవాబు 22! లోపలి హ్యాండ్లర్ నడుస్తున్నంతసేపూ అమల్లో ఉండేది బయటిదే కాబట్టి, అది తనను తానే పిలుచుకుంటూ గిరగిరా తిరగదు. దాని చేతిలోని 11 ఎక్సెప్షన్ పుట్టిన చోటికే తిరిగొచ్చి, ఆగిన లెక్క అక్కడి నుంచే సాగింది. జావాలో ఇది కుదరదు, క్యాచ్‌లోకి అడుగుపెట్టేసరికి ట్రైలోని పని పోయినట్టే.

మామూలు రైజ్ అయితే హ్యాండ్లర్ విలువ ఇచ్చి వెనక్కి రాకూడదు. వస్తే రెండో ఎక్సెప్షన్ లేచి బయటి హ్యాండ్లర్‌కు పోతుంది. మీరు రైజ్ చేయని ఎర్రర్ ఏదో బయట కనిపించి టెన్షన్ పడుతుంటే, ముందు లోపలి హ్యాండ్లర్ చివరి లైన్ చూడండి.

ట్రై-క్యాచ్ లాంటి గార్డ్ పద్ధతి వేరు. అది ముందు స్టాక్ విప్పుకుని తన చోటికి వచ్చేశాకే క్లాజులు చూస్తుంది. ఏదీ సరిపోకపోతే, ఎల్స్ కూడా లేకపోతే, ఎక్సెప్షన్ పుట్టిన చోటికి మళ్లీ వెళ్లి బయటి హ్యాండ్లర్‌ను పిలుస్తుంది. అందుకే రెండు గార్డ్‌ల లోపల డైనమిక్-విండ్ (ఒక పనిలోకి వెళ్లిన ప్రతిసారీ, బయటికొచ్చిన ప్రతిసారీ మనం చెప్పిన కోడ్ నడిపేది) పెట్టి, బయటి గార్డ్ పట్టుకునే ఎర్రర్ లేపితే లోపలికి, బయటికి, మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి అని నాలుగు లైన్లు ప్రింటవుతాయి. ఫైల్ తెరవడం, మూయడం అక్కడ పెట్టుకున్నవాళ్లు ఇది తెలుసుకునే తీరాలి.

చిబీ బైట్‌కోడ్‌తోనే నడుస్తుంది, నేటివ్ కోడ్ తయారు చేయదు. భారీ లెక్కలకైతే నేటివ్ కోడ్ తయారు చేసే ఛెజ్ స్కీమ్ తీసుకోండి. హ్యాండ్లర్ల నడక అర్థం చేసుకోవడానికి మాత్రం చిబీకే నా ఓటు.