తిరుపతి బైపాస్ రోడ్డు స్కాన్ సెంటర్లో మా తమ్ముడి గుండె ఎంఆర్ఐ

మా తమ్ముడికి 38 ఏళ్లు. తిరుపతిలో ట్యాక్సీ నడుపుతాడు. రోజుకు రెండుసార్లైనా తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కి దిగేవాడు. పోయిన నెల జ్వరం తగ్గిన నాలుగో రోజే తెల్లవారుజామున ఛాతీ పట్టేసింది. ఆసుపత్రిలో ఈసీజీలో తేడా ఉందన్నారు, గుండె కండ దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే పదార్థం పెరిగిందన్నారు. యాంజియోగ్రామ్‌లో మాత్రం ఏ రక్తనాళంలోనూ అడ్డు కనిపించలేదు. అయినా డిశ్చార్జి కాగితంలో గుండెపోటు అని రాసి పంపేశారు. ఆ మాట చదివి బండి యజమాని తాళాలు వెనక్కి తీసుకున్నాడు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

చిత్తూరు నుంచి నేను వచ్చి మరో గుండె డాక్టరుకు కాగితాలు చూపించాను. "కాలువలో నీళ్లు పారుతున్నాయని తెలిసిందమ్మా, పొలం ఎలా ఉందో ఎవరూ చూడలేదు" అన్నారాయన. రెండు వారాలు దాటకముందే గుండె ఎంఆర్ఐ తీయించమని ఈ సెంటరుకు రాసిచ్చారు.

ముందు లోపాలు చెబుతాను. ఉదయం 8 గంటలకు రమ్మని 10:40కి లోపలికి పిలిచారు. సంతకం పెట్టాల్సిన అంగీకార పత్రం ఒక్క ముక్క తెలుగులో లేదు. ప్రతి వాక్యం నేనే వాడికి చదివి చెప్పాను. తిరుపతిలో ఇది క్షమించరాని విషయం. రుసుము 12,000 రూపాయలు.

లోపలికి వెళ్లాక ఆ కోపం నిలవలేదు. కిడ్నీ పరీక్ష కాగితం చూడనిదే టెక్నీషియన్ ఇంజెక్షన్ ముట్టుకోలేదు. వెండి మొలతాడు, అమ్మ కట్టిన రాగిరేకు తాయెత్తు తనే విప్పించి నా చేతిలో పెట్టాడు. "గాలి వదిలేయండి, ఆపండి... ఇప్పుడు పీల్చుకోండి" అని దాదాపు గంటసేపు విసుగు లేకుండా చెబుతూనే ఉన్నాడు. ఊపిరి ఆపడం కుదరక బొమ్మ చెదిరిన చోట మళ్లీ తీశాడు.

రిపోర్టు రెండో రోజు వచ్చింది. రేడియాలజిస్టు మమ్మల్ని తెర ముందు కూర్చోబెట్టారు. బొమ్మలో తేడా తెలిసేందుకు గడోలినియం అనే మందు ఎక్కించిన పది నిమిషాల తర్వాత తీసిన బొమ్మల్లో ఆరోగ్యంగా ఉన్న కండ నల్లగా, దెబ్బతిన్న చోటు తెల్లగా కనిపిస్తుందట. రక్తం అందక వచ్చే గుండెపోటులో ఆ తెలుపు, గుండె గోడ లోపలి పొర నుంచి మొదలై బయటికి పాకుతుంది. మా వాడికి లోపలి పొర శుభ్రంగా నల్లగా ఉంది. పక్క గోడకు బయటివైపు మాత్రం సున్నం పూసినట్టు సన్నటి తెల్లని చార. ఆయన పెన్సిల్ మొనతో దాని వెంటే గీసి చూపించారు. ఇది మయోకార్డైటిస్, అంటే గుండె కండరానికి వచ్చిన వాపు, బహుశా ఆ జ్వరం తెచ్చిపెట్టినదే అన్నారు.

మరి ట్రోపోనిన్ ఎందుకు పెరిగిందని అడిగాను. కండ దెబ్బతిన్నదని మాత్రమే అది చెబుతుంది, కారణం చెప్పదు అన్నారు. 2018 నాటి అంతర్జాతీయ నిర్వచనం గుండెపోటును ఐదు రకాలుగా విడదీసింది. రక్తం తక్కువై కాక వేరే కారణంతో కండ దెబ్బతింటే దాన్ని గుండెపోటు కింద లెక్కించకూడదు. నిజమైన గుండెపోటులో కూడా నష్టం ఎంత లోతుకు వెళ్లిందో ఇలాంటి బొమ్మల్లో తెలుస్తుందని చెప్పారు. తెల్లని మచ్చ మధ్యలో నల్లటి నడిబొడ్డు కనిపిస్తే అక్కడి సన్నని రక్తనాళాలు కూడా మూసుకుపోయినట్టు. కండలో రక్తస్రావం జరిగితే అది ఇంకా పెద్ద నష్టం. ఈ లెక్కన కెనడా వైద్యులు 2023లో గుండెపోటును నాలుగు దశలుగా విభజించారట. రోగి అక్కకు ఇంత ఓపికగా చెప్పిన డాక్టరును నేను ఇంతవరకూ చూడలేదు.

గుండె డాక్టరు మందులు మార్చారు. బరువులు ఎత్తకూడదు, పరుగెత్తకూడదు, ఆరు నెలలు అలిపిరి మెట్ల జోలికి వెళ్లకూడదు. ఆ తర్వాత తీయాల్సిన స్కానుకూ ఇక్కడికే వస్తాం. మీరు వెళ్లేటప్పుడు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు, యాంజియోగ్రామ్ సీడీ తప్పక పట్టుకెళ్లండి. ఆ అంగీకార పత్రం చదివి తెలుగులో చెప్పే మనిషిని కూడా వెంట తీసుకెళ్లండి. బండి యజమానికి కొత్త రిపోర్టు చూపించాం. డాక్టరు సరేనన్న రోజు తాళాలు ఇస్తానని మాట ఇచ్చాడు.