ఆరో వారం పాఠం: మానసిక రుగ్మతల జీవశాస్త్రం కోర్సు, రెండేళ్ల తర్వాత

మానసిక రుగ్మతల జీవశాస్త్రం మీద ఒక యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో పెట్టిన పన్నెండు వారాల కోర్సు నేను పూర్తి చేసి రెండేళ్లు దాటింది. సిలబస్, ఫీజు, సర్టిఫికెట్ వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఆరో వారంలో లిథియం మీద చెప్పిన పాఠం గురించి. అది వినకపోయి ఉంటే నిరుడు మే నెలలో మా నాన్నను టైముకి ఆస్పత్రికి తీసుకెళ్లేదాన్ని కాదు.

మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్నకు బైపోలార్, అంటే కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే మానసిక జబ్బు. దానికి పద్దెనిమిదేళ్లుగా లిథియం మాత్ర వాడుతున్నారు. నేను ఇంటర్లో బైపీసీ, తర్వాత బీకాం చదివి ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో రక్తపరీక్ష ఎందుకని అడిగితే "లెవెల్ చూడాలమ్మా" అన్నవాళ్లే గానీ, ఆ లెవెల్ ఎందుకు మారుతుందో విడమరిచి చెప్పినవాళ్లు లేరు. ఓపీలో మా వెనక నలభై మంది కూర్చుని ఉంటే ఎవరికి మాత్రం తీరిక ఉంటుంది?

ఆ పాఠం అక్కడే మొదలైంది. ఆవర్తన పట్టికలో లిథియం సోడియానికి సరిగ్గా పైన ఉంటుంది. కిడ్నీ ఈ రెంటినీ గట్టిగా వేరు చేసి చూడలేదు. తిండిలో ఉప్పు తగ్గినా, చెమటకు ఒంట్లో నీరు పోయినా, ఉన్న సోడియం పోకుండా కిడ్నీ వెనక్కి లాక్కుంటుంది. దానితోపాటే లిథియాన్నీ లాక్కుంటుంది. మాత్ర రోజూ వేసుకునేదే, రక్తంలో మాత్రం పెరుగుతూ పోతుంది. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్స్ మధ్య ఉండేలా చూస్తారు. 1.5 దాటితే విషం కిందే లెక్క.

1949లో జాన్ కేడ్ ఆస్ట్రేలియాలో మేనియా (ఆ మితిమీరిన హుషారు దశ) రోగులకు లిథియం పనిచేస్తుందని రాశారు. అదే ఏడాది అమెరికాలో, ఉప్పు మానేసిన గుండె జబ్బువాళ్లు దానికి బదులుగా లిథియం క్లోరైడ్ చల్లుకుని తిని కొందరు చనిపోయారు. మేనియాకు వాడటానికి అక్కడ అనుమతి వచ్చింది 1970లో. ఉప్పు మానేసినవాళ్లకే ఆ లిథియం ప్రాణం మీదికి ఎందుకు తెచ్చిందో ప్రొఫెసర్ గారు కిడ్నీ బొమ్మ గీసి చూపించారు. నోట్సులో దాని చుట్టూ ఎర్ర ఇంకుతో గీత గీసుకున్నాను.

నిరుడు మేలో నాన్నకు బీపీ పెరిగింది. దగ్గరలో ఒక క్లినిక్‌లో మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్ర రాసి, ఉప్పు బాగా తగ్గించమన్నారు. లిథియం వాడుతున్నట్టు పాత చీటీలో ఉంది, ఎవరూ చూడలేదు. నేను ఆఫీసులో ఉన్నాను. నాన్న మాట వినే మనిషి, కొత్త ఆవకాయ జాడీ వైపు కూడా చూడలేదు. బయట నిప్పులు చెరిగే ఎండలు.

పది రోజులు తిరిగాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం మజ్జిగ గ్లాసు అందించాను. సగం చొక్కా మీద ఒలికింది. లిథియం వాడేవాళ్లకు వేళ్ల చివర సన్నటి వణుకు మామూలే, మాకు అలవాటే. ఇది అలా లేదు, మోచేతి నుంచి చెయ్యంతా ఊగుతోంది. సాయంత్రానికి చెప్పు కాలికి ఎక్కడం లేదు, మాట ముద్దగా వస్తోంది, రెండుసార్లు విరేచనాలు. "వడదెబ్బ తగిలిందే, గ్లూకోజు నీళ్లు ఇద్దాం" అంది అమ్మ. నేను నోట్సు తీసి చూశాను. పెద్ద వణుకు, తూలడం, ముద్దమాట, విరేచనాలు, అన్నీ వరసగా నా చేతిరాతలోనే ఉన్నాయి.

"అమ్మా, రాత్రి మాత్ర వెయ్యొద్దు. ఇప్పుడే వెళ్దాం" అన్నాను.

క్యాజువాలిటీలో కూడా మొదట వడదెబ్బే అన్నారు. సీరం లిథియం చేయించండి సార్ అని పట్టుబట్టాను. రాత్రి పదింటికి రిపోర్టు వచ్చింది, 1.9. సెలైన్ ఎక్కించి, లిథియం, బీపీ మాత్ర రెండూ ఆపారు. నాలుగో రోజు నాన్న గ్లాసు తనే పట్టుకుని తాగారు.

ఆ వేసవంతా కనపడినవాళ్లందరికీ ఈ కోర్సు చేయమని చెప్పాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతున్నాను. జూన్‌లో లిథియం మళ్లీ మొదలుపెట్టాక, ఉప్పు తగ్గకూడదన్న భయంతో నేను మజ్జిగలో ఉప్పు, పూటపూటా ఆవకాయ పెట్టాను. జూలైలో నాన్న తెల్లవారుజామున మూడింటికే లేచి పాత ఫైళ్లన్నీ హాల్లో పరిచారు. లెవెల్ 0.4. సైకియాట్రిస్ట్ గారు "ఏం తింటున్నారు?" అని అడిగితే గానీ నాకు తట్టలేదు. ఉప్పు ఎక్కువైతే కిడ్నీ లిథియాన్ని ఎక్కువగా బయటికి పంపేస్తుంది, ఉప్పు రోజూ ఒకే తీరున ఉండాలి. పాఠంలో అది ఉంది, ఒకే ఒక్క వాక్యంలో. ఉదాహరణలన్నీ చలిదేశాలవి. మా ఊరి మే నెలకు సరిపోయేది ఒక్కటీ లేదు.

జన్యువుల వారం మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే. బైపోలార్‌లో వంశపారంపర్య ప్రభావం 60 నుంచి 80 శాతం అని చెప్పి ముందుకెళ్లిపోయారు. అది నాకు జబ్బు వచ్చే అవకాశం అనుకుని వారం రోజులు నిద్రపోలేదు. ఆ అంకె జనంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో జన్యువుల వాటా గురించి. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం నూటికి సుమారు అయిదు నుంచి పది. ఆ సంగతి రెండు వారాల తర్వాత ప్రశ్నల క్లాసులో చెప్పారు. వినేవాళ్లలో రోగుల పిల్లలు ఉంటారని అనుకుంటే ముందే చెప్పేవాళ్లు.

మిగతా వారాలు బాగానే ఉన్నాయి. డిప్రెషన్ అంటే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడమే అని తేల్చేయకపోవడం, లిథియం మెదడులో ఏం చేస్తుందో ఇంకా పూర్తిగా తేలలేదని ఒప్పుకోవడం నాకు నచ్చాయి.

బైపీసీ చదివినదాన్ని కాబట్టి నాకు అర్థమైంది. అది లేనివాళ్లకు మొదటి మూడు వారాలు కష్టమే. పరీక్షల కోసమైతే ఎలా ఉంటుందో నేను చెప్పలేను, సర్టిఫికెట్ నాకు ఏ పనికీ రాలేదు. ఇంట్లో లిథియం వాడేవాళ్లు ఉంటే మాత్రం ఆరో వారం చూడండి, డోసూ ఉప్పూ మీ డాక్టర్ గారిని అడిగే మార్చండి. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడికి ఆ ఒక్క వారమే చూడమన్నాను, జన్యువుల పాఠం ఇద్దరం కలిసి చూద్దామని చెప్పాను.